చెరకు గట్టు మీద విస్తళ్ళు

వినోద మెస్సులో మిగిలిన అన్నం చెత్తబుట్టలో పడ్డ రోజు లేదు. సూరత్ ఉధ్నాలో రైల్వే స్టేషన్ దాటి రెండు మలుపులు తిరిగితే, పగలూ రాత్రీ సాంచెల, అంటే మరమగ్గాల, చప్పుడు ఆగని గల్లీలో ఉంటుంది ఆ మెస్సు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చి బట్ట నేసే కార్ఖానాల్లో పనిచేసే మగవాళ్ళు అక్కడే తింటారు. చివరి పంక్తి లేచాక వంట గంజుల అడుగున మిగిలినదంతా ఒక బేసినులోకి గీకి, గల్లీ చివరి బండ మీద పెట్టి వస్తుంది వినోద. అక్కడి కుక్కలకు ఆమె చెప్పుల చప్పుడు తెలుసు.

ఏటా మాఘమాసంలో ఒక ఆదివారం మెస్సుకు తాళం వేసి, అందరూ కలిసి ఊరి బయట చెట్ల కిందికి వంటలకు పోతారు. కిందటేడు బార్డోలీ దగ్గర మగన్‌భాయ్ అనే రైతు మామిడి తోటకు పోయారు. నీడ బాగుంది, కాలువ నీళ్ళు బాగున్నాయి. ఈ ఏడు కూడా అక్కడికే అనుకున్నారు. అద్దె టెంపోలో గంజులు, పొయ్యి, నీళ్ళ డ్రమ్ములు, రెండు డప్పులు ఎక్కించుకుని పొద్దున్నే బయలుదేరారు. వినోద ముందు సీట్లో కూర్చుంది. భర్త కమలాకర్, కూతురు అనురాధ, మిగతా జనం వెనక. అనురాధ సూరత్‌లోనే పుట్టి పెరిగిన పిల్ల. ఇంట్లో తెలుగు, గల్లీలో హిందీ, కాలేజీలో గుజరాతీ మాట్లాడుతుంది.

తోట గేటు దగ్గర మగన్‌భాయ్ ఎదురొచ్చాడు. కిందటేడు వచ్చినప్పుడు చాయ్ పోసి కూర్చోబెట్టిన మనిషి, ఈసారి గేటు తీయకుండానే నిలబడి మాట్లాడాడు.

"వినోదాబెన్, లోపలికి రండి, వండుకోండి, ఆడండి పాడండి. ఒక్క మాట మాత్రం వినాలి. పోయేటప్పుడు ఇక్కడ ఒక్క మెతుకు ఉండకూడదు. ఎముక ముక్క కూడా."

ఆమెకు చురుక్కుమంది. హిందీలోనే జవాబిచ్చింది. "కాకా, కిందటిసారి మేము ప్లాస్టిక్ కాగితం ఒక్కటన్నా వదిలిపెట్టామా? తోటంతా ఊడ్చి పోయాం కదా."

"ఊడ్చారు. కాదనను. కానీ మిగిలిన అన్నం, మాంసం కూర, ఎముకలు చెరకు గట్టు మీద కుప్ప పోసి పోయారు."

"అది చెత్త కాదు. జీవాలు తింటాయని పెట్టాం."

"తిన్నాయి," అన్నాడు మగన్‌భాయ్. "నాతో రా. చూపిస్తాను."

తోటకు ఒక పక్క కాలువ, మిగతా మూడు పక్కలా మనిషి కంటే ఎత్తు చెరకు. గట్టు వెంబడి కొంత దూరం నడిచాక చెరకు కొట్టే కూలీల పడావ్ కనిపించింది. చలికాలం మొదట్లో కొండ ఊళ్ళ నుంచి వచ్చి, చెరకు అయిపోయేదాకా అక్కడే ఉండి, తర్వాత ఇంకో ఊరికి తరలిపోయే మనుషుల గుడిసెలు అవి. వెదురు కర్రలు వంచి పైన చెరకు ఆకు కప్పారు. మగవాళ్ళు, ఆడవాళ్ళు పొలంలోకి పోయారు. జమ్నా అనే ఒక్కామె మాత్రం చంటిబిడ్డతో ఉండిపోయింది. గుడిసె ముందు మేకు ఒకటి పాతి ఉంది. దానికి తెగిన తాడు ముక్క వేలాడుతోంది.

"ఇక్కడ మేక ఉండేది," అంది జమ్నా. "దీపడో పట్టుకుపోయింది."

వినోద అనురాధ వైపు చూసింది.

"చిర్తపులి, అమ్మా. గుజరాతీల దీపడో అంటరు," అంది అనురాధ.

మగన్‌భాయ్ నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. ఈ తోటకు మీరొక్కరే రారు. ప్రతి ఆదివారం ఎవరో ఒకరు వస్తారు, తింటారు, మిగిలింది గట్టు మీద పోసి పోతారు. ఆ వాసనకు ఎక్కడెక్కడి కుక్కలో వచ్చాయి. తిండి దొరికింది కనుక ఇక్కడే ఉండిపోయాయి, పిల్లలు పెట్టాయి. చిరుతకు కుక్క అంటే ప్రాణం. అది కుక్కల కోసం వచ్చి చెరకులో మకాం పెట్టింది. ఇప్పుడు కుక్కలు తగ్గాయి. అది మేకల వైపు చూస్తోంది.

"మేకల తర్వాత ఏం చూస్తుందో నేను చెప్పను," అన్నాడతను.

వినోద గుడిసె లోపలికి తొంగి చూసింది. రెండు కర్రల మధ్య పాత చీర ఉయ్యాల కట్టి, అందులో బిడ్డను పడుకోబెట్టారు. ఉయ్యాల నేలకు మూరెడు ఎత్తులో ఉంది. గుడిసెకు ముందువైపు ఏమీ లేదు, వెనకనుంచి కూడా వెలుగు కనిపిస్తోంది.

"రాత్రి తలుపు ఏం పెడతావు?" అని అడిగింది.

జమ్నా నవ్వింది. "చీర అడ్డం కడతాను."

తోటలోకి తిరిగి వచ్చీ రాగానే వినోద కొంగు నడుముకు చుట్టి అందరినీ పిలిచింది.

"ఇనుండ్రి. ఇయ్యాల ఇక్కడ ఒక్క మెతుకు కింద పడొద్దు. తినేటోళ్ళు తిన్నంతే పెట్టిచ్చుకోండ్రి. బొక్కలు, ఎంగిలి ఇస్తార్లు అన్నీ నీలం డ్రమ్ములెయ్యాలె. నీళ్ళు అయిపోంగనే డ్రమ్ము ఖాళీ అయితది. మూత పెట్టి మనతోటే ఉధ్నాకు తీస్కపోదాం."

"ఎంగిలి టెంపోల ఏస్కొని పోవుడేందక్కా," అని ఎవరో నవ్వారు. ఆమె మేక సంగతి, తలుపులేని గుడిసె సంగతి చెప్పింది. నవ్వు ఆగిపోయింది. అందరూ సరే అన్నారు, ఒక్క బుచ్చిరాములు తప్ప.

బుచ్చిరాములుకు అరవై దాటాయి. ఆ మెస్సులో అందరికంటే పాత మనిషి. వినోద పెళ్ళై సూరత్ రాకముందు నుంచే ఇక్కడ సాంచెలు నడుపుతున్నాడు. ఆయన్ను వినోద మామా అంటుంది. భార్య రాజమ్మ పోయినప్పటి నుంచి ఆయన ఎక్కడ తిన్నా ఒక ముద్ద పక్కన తీసి, ఆరుబయట పెట్టి గానీ లేవడు.

"వినోదా, నువ్వు చెప్పింది ఇన్న. గని నేను పెట్టకుంట లేవ," అన్నాడు.

"ఇంటికాడ పెడుదువు గని మామా. బండ ఉన్నది గదా."

"ఇంటికాడ రోజు పెడ్త. ఇయ్యాల ఇక్కడ తింటున్న. తిన్నకాన్నే పెట్టాలె. సూరత్‌కు కొత్తగ వచ్చినప్పుడు మూడు దినాలు ఉపాసమున్న నేను. సలాబత్‌పురాల ఒక ఇంటామె అరుగు మీద రొట్టె పెట్టింది. కుక్కకు పెట్టిందో నాకు పెట్టిందో అడగలే. తిన్న. బయట పెట్టిన బుక్క ఎవల కడుపు నింపుతదో నీకెరుకనా?"

అందరూ వినోద వైపు చూశారు. ఆమె తగ్గలేదు. గొంతు మాత్రం పెంచలేదు.

"ఆ రొట్టె పెట్టినామె రేపు కూడా ఆ ఇంట్లనే ఉంటది మామా. ఏం పెట్టిందో, ఎవలు తిన్నరో, మళ్ళ ఎవలొచ్చిండ్రో ఆమెనే చూస్కుంటది. నేను గల్లీల పెడితే కుక్కలు నా గడపకే వస్తయి. కరిస్తే నన్నే కరుస్తయి. మనం ఇక్కడ ఒక్క పూట పెట్టి టెంపో ఎక్కి పోతం. రేపటి సంది వాటిని ఎవలు చూడాలె? తలుపు లేనోళ్ళు చూడాలె. గది పెట్టుడు గాదు, ఒకల మీదికి తోలుడు."

బుచ్చిరాములు తల దించుకుని మామిడి చెట్టు మొదట్లో కూర్చున్నాడు. ఒప్పుకున్నాడనే అనుకుంది వినోద.

వంట బాగా కుదిరింది. బగారా అన్నం, యాట మాంసం కూర, పచ్చి పులుసు. మగవాళ్ళు డప్పులు కొట్టి ఆడారు. అనురాధ, ఆమె స్నేహితురాళ్ళు గర్బా అడుగులు వేస్తుంటే ఆ డప్పుకే అది కూడా సరిపోయింది. మధ్యాహ్నం జమ్నాను, పొలం నుంచి తిండికి వచ్చిన ఇద్దరు ముసలివాళ్ళను పిలిచి పంక్తిలో కూర్చోబెట్టింది వినోద. ఆకలి తీరా తిన్నారు. గంజులు ఖాళీ అయ్యాయి, అడుగున కొంచెం అన్నం, కూర తప్ప. నీలం డ్రమ్ము ఎముకలతో, విస్తళ్ళతో సగానికి నిండింది. మగన్‌భాయ్ ఒకసారి వచ్చి చూసి, తల ఊపి, ఇంటికి వెళ్ళిపోయాడు.

పొద్దు వాలింది. సామాను టెంపోలోకి ఎక్కిస్తున్నారు. వినోద పొయ్యి ఆర్పి బూడిద మీద నీళ్ళు చల్లుతుంటే గట్టు వైపు నుంచి కుక్కల కొట్లాట వినిపించింది. ఆమె తల ఎత్తి చూసింది. చెరకు అంచున, మూడు విస్తళ్ళలో అన్నం, కూర అడుగు, ఎముకలు. నాలుగైదు కుక్కలు వాటి చుట్టూ చేరి ఒకదాన్నొకటి తరుముకుంటున్నాయి. బుచ్చిరాములు ఖాళీ బేసిను పట్టుకుని ఇటు నడిచి వస్తున్నాడు.

"ఏం జేసినవ్ మామా," అంది వినోద.

"మూడే ఇస్తార్లు బిడ్డా. రాజమ్మ పేరు మీద. గవి తినంగనే అయిపోతయి, రేపటికి ఏముండదు."

ఆ మాట పూర్తయ్యేలోపే చెరకు కదిలింది. గాలి లేదు. అయినా ఒక చోట గడలు అటూ ఇటూ ఒరిగాయి, ఆ ఒరిగే చోటు గట్టు వైపు జరిగి వచ్చింది. ఒక కుక్క కీచుమంది. పసుపు పచ్చని వీపు ఒకటి రెప్పపాటు కనిపించి మళ్ళీ చెరకులో కలిసిపోయింది. మిగతా కుక్కలు తోకలు కాళ్ళ మధ్య దూర్చుకుని జనం మధ్యలోకి వచ్చి పడ్డాయి. మూడు విస్తళ్ళూ అక్కడే ఉన్నాయి. కీచుమన్న కుక్క లేదు, దాని బదులు గడ్డి మీద తడి చార ఒకటి చెరకులోకి పోయింది.

బుచ్చిరాములు చేతిలోని బేసిను కిందపడి చప్పుడైంది.

"ఎక్కుండ్రి, అందరు టెంపో ఎక్కుండ్రి," అన్నాడు కమలాకర్.

అందరూ అటు కదిలారు. వినోద మాత్రం కాలువ గట్టు వైపు చూస్తోంది. దూరంగా, కొట్టిన చెరకు చివర్లు మోపులు కట్టి నెత్తిన పెట్టుకుని, పడావ్ ఆడవాళ్ళు వరసగా నడిచి వస్తున్నారు. చంకల్లో పిల్లలు, కొంగు పట్టుకుని నడిచే పిల్లలు. వాళ్ళు గుడిసెలకు పోయే బాట ఆ విస్తళ్ళ పక్కనుంచే.

ఆమెకు భయం వేయలేదని కాదు. కానీ ఏం చేయాలన్నది మాత్రం ఆమెకు అద్దంలో కనిపించినంత స్పష్టంగా ఉంది.

"అనూ, నువ్వు, నాయిన టెంపో తీస్కొని కాల్వ మీదికి పోండ్రి. లైట్లేసి హారన్ కొట్టుండ్రి. వాళ్ళను అక్కన్నే ఆపు. నీకు గుజరాతీ వస్తది గదా, మెల్లగ చెప్పు, ఉరకొద్దని చెప్పు. ఉరికితే పిల్లలు ఎనకబడ్తరు."

"మరి నువ్వు?"

"ఆ బువ్వ తీసెయ్యాలె. బువ్వ ఉన్నంతసేపు కుక్కలు మళ్ళ పోతయి. కుక్కలు పోతే అది మళ్ళ వస్తది. రాత్రంత గిదే నడుస్తది."

కమలాకర్ కూతురితో కలిసి డ్రైవరు పక్కన ఎక్కాడు. టెంపో లైట్లు వేసుకుని కాలువ వైపు తిరిగింది. హారన్ ఆగకుండా మోగింది.

వినోద మగవాళ్ళ వైపు తిరిగింది. "డప్పులు టెంపోల పోయినయా, ఇక్కన్నే ఉన్నయా?"

"ఉన్నయక్కా."

"కొట్టుండ్రి. మధ్యాహ్నం ఆడినట్టు గాదు, చేతులు పోయేదాక కొట్టుండ్రి. గంటెలు, మూతలు ఏది దొరికితే అది. అందరు ఒక్కకాడ, ఒకల భుజం ఒకలకు తాకాలె. ఎవలు వంగొద్దు, ఎవలు వీపు తిప్పొద్దు. తీసేటోళ్ళు ఒక్కలే వంగాలె. నేను తీస్త."

"నువ్వెందుకు తీస్తవ్," అన్నాడు బుచ్చిరాములు. "నేను పెట్టిన, నేనే తీస్త. నువ్వు నా పక్కన నిలబడు."

ఆమె కాదనలేదు.

డప్పులు మోగాయి. గంజు మూతల మీద గంటెలు పడ్డాయి. ఇరవైమంది దాకా ఒక్క ముద్దగా గట్టు వైపు నడిచారు. బుచ్చిరాములు నీలం డ్రమ్ము మూత తీసి ఒక చేత్తో ఈడుస్తున్నాడు. దాని రెండో పక్క వినోద పట్టుకుంది. చెరకు దగ్గరయ్యే కొద్దీ పచ్చి వాసన, దాని వెనక ఇంకేదో ఘాటు వాసన తగిలాయి. లోపల ఎక్కడో గరగరమని ఒక చప్పుడు వచ్చిందని తర్వాత కొందరు అన్నారు. ఆ డప్పుల మోతలో అదెలా వినిపించిందని మిగతా వాళ్ళు వాదించారు.

బుచ్చిరాములు వంగాడు. మొదటి విస్తరి మడిచి డ్రమ్ములో వేశాడు. రెండోది. మూడోది కుక్కల కాళ్ళ కింద చినిగి అన్నం గడ్డిలో చెదిరిపోయింది. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని, అరచేతులతో గడ్డితో సహా పీకి, ఎముకలు ఏరి, డ్రమ్ములో వేశాడు. తొందరపడలేదు. వినోద చెరకు వైపు నుంచి కళ్ళు తిప్పకుండా ఆయన వీపు మీద చేయి వేసి నిలబడింది. ఆ చేతికి ఆయన ఊపిరి తెలుస్తోంది.

"అయిందా మామా?"

"ఒక్క బొక్క ఉన్నది. ఆఁ, అయింది."

రక్తపు చార మీద డబ్బాలో తెచ్చిన నీళ్ళు పోశారు. డ్రమ్ము మూత బిగించారు. వెనక్కి తిరగకుండానే, అలాగే చెరకుకు ఎదురుగా, మోత ఆపకుండా అడుగు అడుగుగా వెనక్కి జరిగారు.

కాలువ మీద టెంపో వెలుగులో ఆడవాళ్ళు గుంపుగా నిలబడి ఉన్నారు. అనురాధ ఒక పిల్లను ఎత్తుకుని ఉంది. డప్పులవాళ్ళను ముందు, వెనక పెట్టుకుని అందరినీ తోట మధ్యలోంచి, చెరకు అంచు తగలకుండా, పడావ్ దాకా తీసుకుపోయారు. మోత విని మగన్‌భాయ్ మోటార్‌సైకిల్ మీద హడావిడిగా వచ్చాడు. సంగతి విని అటవీ శాఖ వాళ్ళకు ఫోన్ చేశాడు. గుడిసెల చుట్టూ నాలుగు చోట్ల మంటలు వేయించాడు. పడావ్ మగవాళ్ళు ఎడ్లబండ్లతో వచ్చేదాకా ఎవరూ కదలలేదు.

పోయే ముందు బుచ్చిరాములు జమ్నా గుడిసె దగ్గర ఆగాడు. ఆయనకు ఆమె భాష రాదు. హిందీ కూడా సాంచెల దగ్గర మాట్లాడేంతే. అయినా తనే చెప్పాలనుకున్నాడు.

"అక్కడ తిండి పెట్టింది నేనే. తప్పు నాది," అన్నాడు హిందీలో. "మా ఇంటామె పేరు మీద పెట్టాను."

జమ్నా ఆయన్ను కాసేపు చూసింది. "మీ ఇంటావిడ పేరేమిటి?"

"రాజమ్మ."

"మధ్యాహ్నం పంక్తిలో నేను కడుపునిండా తిన్నాను. అది ఆమె పేరు మీద అనుకోండి," అంది. చంటిబిడ్డ నిద్రలో మూలిగితే లోపలికి పోయింది.

టెంపోలో నీలం డ్రమ్ము బుచ్చిరాములు కాళ్ళ మధ్యే పెట్టుకున్నాడు. దారంతా కొంచెం వాసన వస్తూనే ఉంది. ఎవరూ విసుక్కోలేదు. ఉధ్నా చేరాక దాన్ని మున్సిపాలిటీ చెత్తబండి వచ్చేదాకా ఎక్కడ పెట్టాలన్న దాని మీద చిన్న వాదన జరిగింది. చివరికి మెస్సు తాళం తీసి లోపలే పెట్టారు.

తర్వాత వినోద ఈ సంగతి దాచుకోలేదు. ఉధ్నాలో ఇతర మెస్సులు నడిపే వాళ్ళకు, కులసంఘం పెద్దలకు తనే చెప్పింది. కొందరు విన్నారు, కొందరు పుణ్యానికి అడ్డం పడుతున్నావన్నారు. పుణ్యం కావాలంటే ఇంటి ముందు చేసుకోండి, ఊరికాని ఊళ్ళో చేసి రావద్దు అని చెప్పి ఆమె తన పనిలో పడింది. బుచ్చిరాములు ఎక్కడా కల్పించుకోలేదు గానీ, ఎవరైనా ఎగతాళి చేస్తే మాత్రం, "నేను కండ్లార చూసిన, కూసో చెప్త," అని మొదలుపెట్టేవాడు.

ఫాల్గుణంలో ఒక పొద్దున మగన్‌భాయ్ నుంచి ఫోన్ వచ్చింది. మెస్సులో చాయ్ సమయం. వినోద స్పీకర్ పెట్టింది. తోట పక్క చెరకు కొట్టేశామని చెప్పాడు. కొడుతుంటే మధ్యలో రెండు చిరుత కూనలు దొరికాయట. పిల్లి పిల్లలంతేసి ఉన్నాయట. అటవీ శాఖ వాళ్ళు కొట్టడం ఆపించి, కూనలను బుట్టలో పెట్టి దొరికిన చోటే ఉంచారట. సాయంత్రం తల్లి వచ్చి ఒకదాని తర్వాత ఒకటి నోట కరుచుకుని కాలువ దాటిపోయిందట. పడావ్‌లో అందరూ బాగానే ఉన్నారు, జమ్నా వాళ్ళు వచ్చే వారం ఇంకో ఊరికి పోతున్నారు.

ఫోన్ పెట్టేశాక బుచ్చిరాములు చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"పిల్లల తల్లా అది," అన్నాడు. "ఎంత ఆకలి మీద ఉండెనో."

"ఉంటది మామా," అంది వినోద, పిండి కలుపుతూ. "దాని వేట అది చేస్కుంటది. మనం దానికి దారి చూపియ్యకుంటే సాలు."

ఆయన తల ఊపాడు. చాయ్ తాగి, షిఫ్టు మొదలయ్యే వేళయిందని కార్ఖానా వైపు నడిచాడు.